రక్తంలో వెతికేముందు

‘మేడం, ఈ క్యాన్సర్ జీన్స్‌లోనే ఉంటదా?’ జడ్చర్ల క్లాసులో ఓ అమ్మాయి అడిగింది.

జీన్స్ పాత్ర కొంత ఉంది. కానీ అంటరానితనం మోసినవాళ్లం, తప్పంతా రక్తంలోనే ఉందంటే నాకు అనుమానం. హెచ్‌పీవీ చాలామందిలో దానంతటదే పోతుంది. హెచ్‌ఐవీతో రోగనిరోధక శక్తి తగ్గిన స్త్రీలలో తిష్ఠ వేస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు. అయినా 1993 దాకా అమెరికా ఎయిడ్స్ నిర్వచనంలో ఈ క్యాన్సర్ లేదు. ఆడవాళ్లు కొట్లాడాకే చేరింది.

మన దగ్గర? 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ సంస్థ ప్రాజెక్టు కింద దాదాపు 14 వేలమంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. ఆదివాసీ హాస్టళ్లలో అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆపారు. 2013లో పార్లమెంటరీ కమిటీ తప్పుపట్టింది. టీకా మంచిదే, అడగకుండా వేయడంతోనే నా పేచీ.

హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు 25 ఏళ్ల నుంచే స్క్రీనింగ్ చేయాలని 2021లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది. ఏఆర్‌టీ మందులకు పోయే అక్కలను అడగండి, ఆ పరీక్ష మాట ఎవరన్నా చెప్పారా అని.