తాత పేరు

పుత్రునకు పేరు పెట్టుటను గూర్చి పతంజలి మహాభాష్యారంభముననే చెప్పియున్నాడు. వ్యాకరణ మెందుకు చదువవలెనని ప్రశ్నించుకొని ఆయన చూపిన ప్రయోజనములలో ఇదియు నొకటి. పేరు నాదాక్షరముతో మొదలు కావలెను. నడుమ అంతస్థ ముండవలెను. రెండక్షరములో, నాలుగక్షరములో ఉండవలెను. పై మూడు తరముల పూర్వుల ననుసరించినదై యుండవలెను. శత్రువులలో ప్రసిద్ధమైనది కారాదు. అక్షరముల లెక్కను పురోహితులకు విడిచిపెట్టుదము. మూడు తరముల మాట, శత్రువుల మాట చరిత్రకు సంబంధించినవి.

మన దేశమున మొదటి మాట శాసనములలోనే కనబడుచున్నది. విజయపురి నేలిన ఇక్ష్వాకులలో మొదటివాడు శాంతమూలుడు, అతని కొడుకు వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువుల శాంతమూలుడు. కాకతీయుల తొలి తరములు చూడుడు: బేతరాజు, ప్రోలరాజు, మరల బేతరాజు, మరల ప్రోలరాజు. రెండే పేర్లు, తాత నుండి మనుమనికి నడచినవి. ఆ ప్రోలరాజు కొడుకు రుద్రదేవుడు 1163లో హనుమకొండ శాసనము వేయించునాటికి రాచయింట సంస్కృతపు పేరు ప్రవేశించెను. అయినను పాత పద్ధతి చావలేదు. రుద్రమదేవి రుద్రదేవ మహారాజను పేర రాజ్యము చేసినది. ఆమె కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు. ఇచ్చట దౌహిత్రునికి వచ్చినది తాత పేరు గాదు, అమ్మమ్మ పేరు! పురుషనామమును ధరించి యేలిన స్త్రీ దానిని మరల పురుషునకు అప్పగించినది.

తెలుగు పేరునకు ఒక నడక యున్నది. తిక్కన, పోతన, ఎఱ్ఱన యనువానిలోని చివరి నకారము అన్న యను మాటయే. ప్రోలయ, బుక్కయ యనువానిలోనిది అయ్య. ప్రోలయ వేమారెడ్డి యనగా ప్రోలయ కుమారుడైన వేముడు. ఈ ప్రోలయయే జనుల నోట నలిగి పోలయ్య యగుట మన ధ్వనుల పరిణామమునకు సరిపడియే యున్నది. మనది అజంత భాష. పిలుపు దూరము పోవలెనన్న చివర అచ్చు సాగవలెను. ఇరువదవ శతాబ్దమున రమేశ్, సురేశ్ వంటి పేర్లు వెల్లువగా వచ్చినప్పుడు పేరు హల్లుపై నిలిచిపోయినది. ఇంటిలోని అవ్వ మాత్రము దాని నొప్పుకొనక, ఒక ఉకారము చేర్చి ‘రమేషూ’ యనియే పిలిచినది. ఆమెకు వ్యాకరణము తెలియదని యెవరనగలరు?

పేర్లను బట్టి దేశపటము గీయవచ్చును. అప్పారావు, అప్పలస్వామి యన్నచో సింహాచలపు అప్పన్న; కొమురయ్య యన్నచో కొమురవెల్లి మల్లన్న. 1946 జూలై 4న కడవెండిలో తుపాకి గుండునకు నేలకొరగిన దొడ్డి కొమురయ్య పేరులో ఆ మల్లన్నయే యున్నాడు. జాన్‌పహాడ్ దర్గాకు మ్రొక్కుకొని కన్న హిందువుల బిడ్డలు సైదులు లైనారు. తాత పేరే పెట్టిన యిండ్లలో మరియొక చిక్కు కలదు. కోడలు మామగారి పేరు పలుకరాదు. కావున బిడ్డను తాతయ్య, అబ్బాయి, బుల్లెయ్య యని పిలుచుకొనెడిది. పేరు ఒకటి, పిలుపు వేరొకటి.

నేడు తలిదండ్రులు కొందరు నిఘంటువులలో వెదకి, ఎవరికిని లేని పేరు కావలెనందురు. మరికొందరు పాత పేర్లకు మరలుచున్నారు. నా మనసు రెండవవారి వైపే మ్రొగ్గును. అయితే పాత పేర్లన్నియు బేతరాజు, ప్రోలరాజు కావు. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, చిట్టచివరివానిని పెంటమీద పరుండబెట్టి పెంటయ్య యన్నది. ఎంగిలి విస్తళ్లపై పొరలించి పుల్లయ్య యన్నది. మృత్యువు ఏవగించుకొని విడిచిపోవలెనని ఆమె పన్నిన పన్నుగడ యది. అందులో హీనత లేదు, భయము, ప్రేమ ఉన్నవి. ఆ తల్లి చేర్చిన అయ్యను దొర తీసివేసినాడు. ఆసామి ఆవరణలో పెంటయ్య పెంటిగాడైనాడు. రాతిపై నెక్కినవారికి అన్నయు నయ్యయు దక్కినవి, దుక్కి దున్నినవానికి గాడు మిగిలెను.

పతంజలి చెప్పిన రెండవ మాట నా కిచ్చట జ్ఞాపకము వచ్చుచున్నది. శత్రువుల నోట నానిన పేరు బిడ్డకు కూడదు. పెంటయ్య తన కొడుకునకు అశోక్ అనియో, గౌతమ్ అనియో, అంబేద్కర్ అనియో పేరు పెట్టినచో సంప్రదాయము చెడినదని వగచువారు ఆ సూత్రమును చదువలేదు. అతడు విడిచినది తాతను గాదు, తాతను పిలిచిన గొంతును. అదే యింట మనుమడెవడైన రేపు కొడుకునకు ముత్తాత పేరు పెట్టదలచుకొన్నచో, అది వాని యిష్టము. బయటివారు చెప్పదగినది కాదు. ఓటరుల జాబితాలో అశోక్ పేరు క్రింద, తండ్రి పేరు వ్రాయుచోట, పెంటయ్య యని అయ్యతో నిండుగానే అచ్చుపడుచున్నది.