హౌరాకు బొగ్గు వచ్చిన దారి

హౌరాలో బయలుదేరి ఖరగ్‌పూర్ వైపు వెళ్ళే లోకల్ బండికి మొదటి స్టేషను టికియాపారా. సౌత్ ఈస్టర్న్ రైల్వే లోకల్ బళ్ళ కార్ షెడ్డు ఉన్నది ఇక్కడే. ఒకటిన్నర శతాబ్దంగా ఈ ప్రాంతానికి ఆవిరి, గ్యాసు, కరెంటు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. వాటన్నిటి వెనకా ప్రధానంగా మండింది మాత్రం బొగ్గే. ఇలా ఒకే ఇంధనం మీద ఆధారపడిన చోట్లలో ఎస్టోనియా ఒకటి. దాదాపు 13 లక్షల జనాభా ఉన్న ఈ బాల్టిక్ దేశం ఆయిల్ షేల్‌ను, అంటే మండే సేంద్రియ పదార్థం ఇమిడి ఉన్న రాతిని, 1916 నుంచి తవ్వుకుంటోంది. 2011 లెక్కల ప్రకారం ఒక్క హౌరా జిల్లా జనాభాయే 48 లక్షల పైచిలుకు. అయితే ఎస్టోనియాకు సొంత గనులున్నాయి, వాటి పక్కనే నార్వా విద్యుత్ కేంద్రాలున్నాయి. కొత్తగూడెం కేంద్రం కూడా సింగరేణి గనుల చెంతనే వెలిసింది. హౌరాకు ఆ సౌలభ్యం లేదు. బొగ్గు రెండు వందల కిలోమీటర్లు ప్రయాణించి రావాలి.

ఆ బొగ్గు వచ్చే రాణీగంజ్‌లో తవ్వకం 1774లోనే మొదలైంది. 1836లో ద్వారకానాథ్ ఠాగూర్ భాగస్వామిగా ఉన్న కార్, ఠాగూర్ కంపెనీ అక్కడి గనిని కొన్నది. తవ్వడం కంటే చేర్చడమే కష్టంగా ఉండేది. దామోదర్ నదిలో బొగ్గు పడవలు నడిచేది వానాకాలంలోనే, ఆ కొద్ది నెలల్లోనే ఏడాది సరుకంతా దించుకోవాలి. హౌరా జిల్లాలోని ఆమ్తా దగ్గర రాశులు పోసి, అక్కడి నుంచి కలకత్తాకు తరలించేవారు. ఈ ఇబ్బందిని తీర్చింది రైలు. 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీ దాకా నడిచిన ఈస్ట్ ఇండియన్ రైల్వే, 1855 ఫిబ్రవరి 3 నాటికల్లా రాణీగంజ్ చేరింది. ప్రయాణికుల సంగతి ఎలా ఉన్నా, ఆ లైను అంత తొందరగా అక్కడికి చేరడానికి కారణం బొగ్గే. హౌరా జనపనార మిల్లులు, ఫౌండ్రీలు పెరిగింది ఈ సరఫరా మీదనే.

1857 జులైలో, ఉత్తరాదిన తిరుగుబాటు సాగుతుండగానే, ఓరియంటల్ గ్యాస్ కంపెనీ కలకత్తా వీధుల్లో గ్యాసు దీపాలు వెలిగించింది. గ్యాసు తీసింది బొగ్గు నుంచే. 1879లో హుగ్లీ నది మీది తేలే వంతెనకు మల్లిక్ ఘాట్ పంపింగ్ స్టేషను డైనమోతో విద్యుద్దీపాలు పెట్టారు. 1897లో లండన్‌లో నమోదైన కలకత్తా ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ (సీఈఎస్‌సీ) 1899 ఏప్రిల్ 17న ఇమామ్‌బాగ్ లేన్ కేంద్రాన్ని ప్రారంభించింది. 1902లో ట్రాములు గుర్రాలను వదిలి కరెంటుకు మారాయి. నదికి ఇవతలున్న హౌరా వైపు కేబుళ్ళు తేవడానికి ఆ కంపెనీ హుగ్లీ అడుగున సొరంగం తవ్వి 1931లో వాడకంలోకి తెచ్చింది. 2024లో మెట్రో రైలు నది కింద నడిచిందని దేశమంతా చెప్పుకుంది గాని, కరెంటు తొమ్మిది దశాబ్దాల ముందే ఆ పని చేసింది.

గ్యాసు విషయంలో ఎస్టోనియాతో పోలిక మరీ దగ్గరది. సోవియట్ ప్రభుత్వం షేల్ నుంచి తీసిన గ్యాసును 1948లో కోహ్త్లా-యార్వే నుంచి లెనిన్‌గ్రాడ్‌కు, 1953లో తాలిన్‌కు పైపుల్లో పంపింది. బెంగాల్‌లోనూ దుర్గాపూర్ కోక్ ఓవెన్ గ్యాసు పైపులైను ద్వారా కలకత్తా చేరింది. తరువాత హౌరాను ఆనుకుని ఉన్న దాన్‌కునిలో కోల్ ఇండియా బొగ్గు నుంచి గ్యాసు తీసే కర్మాగారం పెట్టింది.

లోకల్ బళ్ళకు కరెంటు 1957 డిసెంబరులో వచ్చింది. హౌరా నుంచి షేవ్‌రాఫులి వరకు 3,000 వోల్టుల డీసీతో నడిపి, తరువాత 25,000 వోల్టుల ఏసీకి మార్చారు. ఖరగ్‌పూర్ లైను విద్యుదీకరణ 1960లలో జరిగింది. ఆవిరి ఇంజను పోయినా బొగ్గు పోలేదు, ఇంజను పొయ్యిలో కాకుండా దూరాన విద్యుత్ కేంద్రం బాయిలర్లో మండసాగింది. 1980లలో అదే లైను మీదున్న కోలాఘాట్‌లో 210 మెగావాట్ల యూనిట్లు ఒక్కొక్కటే లేచి, చివరికి ఆరయ్యాయి.

అంతకు ముందు దశాబ్దం మాత్రం లోడ్ షెడ్డింగుది. కొత్త కేంద్రాలు సకాలంలో రాలేదు, ఉన్నవి తరచు మొరాయించేవి. టికియాపారా పక్కనే బెలీలియస్ రోడ్డు, హౌరా లేత్ షాపులకు పెట్టింది పేరు. కరెంటు పోతే లేత్ ఆగుతుంది, పూట కూలీ పోతుంది. స్తోమత ఉన్నవారు డీజిల్ జనరేటర్లు పెట్టుకున్నారు. బొగ్గుకు ప్రత్యామ్నాయం ఇక్కడికి అలా, అత్యవసరంగా, వచ్చింది.

కరెంటు అమ్మకం సంగతికి వస్తే హౌరా, ఎస్టోనియాల దారులు పూర్తిగా విడిపోతాయి. ఎస్టోనియా 2010లో పెద్ద వినియోగదారులకు, 2013 జనవరి 1 నుంచి అందరికీ విద్యుత్ మార్కెట్ తెరిచింది. ఫిన్లాండ్‌తో సముద్రం అడుగు కేబుళ్ళు వేసుకుంది, 2025 ఫిబ్రవరిలో రష్యా గ్రిడ్‌తో తెగతెంపులు చేసుకుంది. యూరప్ కార్బన్ ధర వల్ల షేల్ కరెంటు ఖరీదై, పోటీలో వెనకబడింది. భారతదేశంలో 2003 విద్యుత్ చట్టం పెద్ద వాడకందార్లకు ఓపెన్ యాక్సెస్ ఇచ్చింది, 2008లో ఎనర్జీ ఎక్స్ఛేంజి మొదలైంది. లేత్ షాపు యజమానికి మాత్రం అమ్మేది ఇప్పటికీ సీఈఎస్‌సీ ఒక్కటే. ఆ కంపెనీకి ప్రధాన వనరులు బజ్‌బజ్, హల్దియా బొగ్గు కేంద్రాలు. నార్వాలో యూనిట్ నడపాలా ఆపాలా అన్నది నార్డ్ పూల్ మార్కెట్లో ఎప్పటికప్పుడు మారే ధరను బట్టి ఉంటుంది. హౌరా బిల్లులోని రేటును రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ లెక్కలు చూసి ఖరారు చేస్తుంది, ఆ లెక్కల్లో పెద్ద పద్దు బొగ్గుదే.