నేర ప్రవర్తనపై కుటుంబ, సామాజిక పరిసరాల ప్రభావం

వయోజనుల నేర ప్రవర్తనకు, వారు పెరిగిన కుటుంబానికి, జీవించే సమాజానికి గల సంబంధం నేరశాస్త్రంలో ఒక ముఖ్యాంశం. కొందరు జన్మతః నేరస్థులేనని 19వ శతాబ్దంలో ఇటలీ వైద్యుడు లాంబ్రోసో వాదించాడు. తరువాతి పరిశోధనలలో ఆ వాదం నిలవలేదు. పరిసరాల ప్రభావానికి తెలుగునాట స్టువర్టుపురం, ఆర్మూరు ప్రాంతాలు రెండు భిన్నమైన ఉదాహరణలు.

కుటుంబం

దక్షిణ లండన్‌లోని ఒక శ్రామికవాడకు చెందిన 411 మంది బాలురను 1961 నుండి దశాబ్దాల పాటు గమనించిన కేంబ్రిడ్జి అధ్యయనం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. తల్లిదండ్రులకు శిక్షపడి ఉండడం, పిల్లలపై పర్యవేక్షణ కొరవడడం, కఠిన దండన, పేదరికం, కుటుంబ విచ్ఛిన్నం వంటివి తరువాతి నేరాలకు ముందస్తు సూచనలని ఇందులో తేలింది. అయితే ఇటువంటి ఇళ్ళలో పెరిగినవారందరూ నేరస్థులు కాలేదు.

సాంగత్యం

నేర ప్రవర్తన సన్నిహితుల నుండి నేర్చుకొనేదని అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎడ్విన్ సదర్లాండ్ ప్రతిపాదించాడు. పేదరికమే నేరానికి మూలమన్న అభిప్రాయాన్ని ఆయన అంగీకరించలేదు. గౌరవనీయులు తమ వృత్తిలో చేసే నేరాలను 1939లో "వైట్ కాలర్ నేరాలు" అని పేర్కొన్నాడు.

స్టువర్టుపురం

ఎరుకలవారు పూర్వం ఊరూరా తిరిగి ఉప్పు, ధాన్యం అమ్ముకొనేవారు. రైళ్ళ రాకతోను, ప్రభుత్వ ఉప్పు విధానం వలనను ఆ వ్యాపారం దెబ్బతిన్నది. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911 తరువాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలుచేసి, వారిపై పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేశారు. బాపట్ల సమీపంలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు 1913లో ఏర్పడింది. దీనిని సాల్వేషన్ ఆర్మీ నిర్వహించింది. నివాసులు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే ఊరు దాటరాదు. 1947లో మద్రాసులోను, 1952లో దేశమంతటా చట్టం రద్దయినా ముద్ర చెరగలేదు. ఊరి పేరు చెబితే పని దొరకని స్థితి మనిషిని తిరిగి దొంగతనానికే నెడుతుంది. 1970వ దశకంలో జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఇక్కడ సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. హేమలత తరువాత నిజామాబాదు జిల్లాలో జోగినీ దురాచార నిర్మూలనకు కృషి చేశారు.

ఆర్మూరు ప్రాంతం

పసుపు, ఎర్రజొన్న పంటలకు పేరుపొందిన ఆర్మూరు పరిసర గ్రామాలలో గ్రామాభివృద్ధి కమిటీలు కలవు. కులాల ప్రతినిధులతో ఏర్పడే ఈ కమిటీలు గుడి, బడి, దారుల వంటి ఉమ్మడి పనులకు నిధులు సమకూరుస్తాయి. వీటికి చట్టబద్ధమైన అధికారం లేదు. అయినా కొన్నిచోట్ల మద్యం అమ్మకానికి వేలంపాటలు నిర్వహించడం, మాట వినని కుటుంబాలకు జరిమానా వేయడం, సాంఘిక బహిష్కరణ విధించడం జరిగింది. బహిష్కృతులతో మాట్లాడినవారికి, సరుకులు అమ్మినవారికి కూడా జరిమానా ఉంటుంది. బాధితుల ఫిర్యాదులపై పోలీసు కేసులు నమోదయ్యాయి.

ఇటువంటి తీర్మానాలు చేసేవారు సాధారణంగా పరువుగల రైతులు, వ్యాపారులు, కులపెద్దలు. ఒంటరిగా పొరుగువానికి నీళ్ళు నిరాకరించనివాడు కూడా "ఊరి కట్టుబాటు" అన్నప్పుడు తలవంచుతాడు. ఎదురుచెబితే తననూ వెలివేస్తారన్న భయం ఇందుకు తోడవుతుంది. షెడ్యూల్డు కులాలు, తెగలవారిని బహిష్కరించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం శిక్షార్హమైన నేరం. మహారాష్ట్రలో అన్ని వర్గాల బాధితులకూ వర్తించే ప్రత్యేక చట్టం 2016లో వచ్చింది.

మార్పు

బోస్టన్‌లో బాల్యంలో నేరాలు చేసిన 500 మంది వివరాలను పునఃపరిశీలించిన సాంప్సన్, లాబ్ అనే పరిశోధకులు, స్థిరమైన ఉద్యోగం, అన్యోన్య దాంపత్యం లభించినవారు నేరాలు మానే అవకాశం ఎక్కువని 1993లో తెలిపారు. పరిసరాలు కారణమైనంత మాత్రాన చట్టం ముందు వ్యక్తి బాధ్యత తొలగిపోదు. అయితే పరిసరాలను మార్చకుండా వ్యక్తిని మాత్రమే శిక్షించినచో నేరానికి మూలం అలాగే మిగిలిపోతుంది.

ఇవి కూడా చూడండి

స్టువర్టుపురం
హేమలతా లవణం
ఆర్మూరు