చిన్న ఊరు - చిన్న కాలేజీ

కాలేజీ అనగానే మనకు పట్నం గుర్తుకొస్తుంది. త్రిపురారం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పై చదువుకని మిర్యాలగూడకో, నల్గొండకో బస్సెక్కే పిల్లల్ని చూస్తూనే ఉన్నాం. కొడుకైతే పంపుతాం, కూతురి సంగతి వచ్చేసరికి, దూరం కదా, ఇక చాలులే అంటాం. కాలేజీ దగ్గర్లో ఉందా లేదా అన్నదాని మీదే ఎంతోమంది ఆడపిల్లల చదువు తేలిపోతున్నది. అందుకే ఒక చిన్న ఊరి ప్రయివేటు కాలేజీ చరిత్రను చదువరుల ముందుంచుతున్నాను.

1918లో మన నిజాం రాష్ట్రంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉర్దూలో పై చదువులు చెప్పిన ఆ గొప్ప సంస్థకు ప్రభువు ఫర్మానా ఉంది, ఖజానా అండ ఉంది. అంతకు 3 సంవత్సరాల ముందే, 1915లో, చిత్తూరు జిల్లా మదనపల్లెలో అనీబిసెంటు చొరవతో ఒక కాలేజీ వెలిసింది. దానికి ఏ ప్రభువు ఖజానా లేదు. దివ్యజ్ఞాన సమాజం వారి పూనిక, దాతల చందాలు - అంతే.

కష్టాలు త్వరలోనే వచ్చాయి. బిసెంటు హోంరూల్ ఉద్యమం నడపడం తెల్లదొరలకు గిట్టలేదు. 1917 జూన్‌లో ఆమెను నిర్బంధించారు. ఆ రాజకీయాల వేడిలోనే కాలేజీకి మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోయింది. గుర్తింపు లేని కాలేజీ డిగ్రీకి సర్కారు నౌకరీ దొరుకుతుందా? అయినా తలుపులు మూయలేదు. అడయారులో పెట్టిన జాతీయ విశ్వవిద్యాలయం కింద పాఠాలు సాగించారు. రవీంద్రనాథ్ టాగూరు దానికి ఛాన్సలరు.

ఆ టాగూరే 1919 ఫిబ్రవరిలో మదనపల్లె వచ్చి కొన్ని రోజులు ఉన్నారు. అప్పటి ప్రిన్సిపాలు ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్. ఒక సాయంకాలం టాగూరు "జనగణమన" పాడి వినిపించారు. కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం చదివిన మనిషి. ఆ పాటకు స్వరలిపి రాశారు. పాటను టాగూరు అక్కడే ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. 1950 జనవరి 24న అదే పాట జాతీయగీతమైంది. సర్కారు గుర్తింపు పోయిన కాలేజీకి దేశమంతా గుర్తుంచుకునే గౌరవం దక్కిందన్నమాట!

మన సమాజం కూడా ఇలాంటి పని చేసి చూపించింది. 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్ తన కర్నూలులో ఉస్మానియా కాలేజీని స్థాపించారు. ఈనాడు కర్నూలులోని ఉర్దూ విశ్వవిద్యాలయం ఆయన పేరే పెట్టుకున్నది.

ఇలాంటి కాలేజీని కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు. ఫీజు రీయింబర్సుమెంటు బకాయిలు రాక 2025లో తెలంగాణ ప్రయివేటు కాలేజీలు బంద్ చేసిన సంగతి మనకు తెలిసిందే. సర్కారు సొమ్ము ఆలస్యమైతే చిన్న ఊరి కాలేజీయే ముందు చితికిపోతుంది. అది మూతబడితే కొడుకు ఎలాగో పట్నం పోతాడు. కూతురు ఇంట్లోనే ఉండిపోతుంది.

కొత్త కాలేజీ పెట్టే తాహతు ఈనాడు మనకు లేకపోవచ్చు. కానీ చదువుకునే ఒక్కొక్క అమ్మాయికి బస్సు పాసు, పుస్తకాలు, పరీక్ష ఫీజు మనలో ఒక్కొక్కరు భరించలేరా? మదనపల్లె కాలేజీ కూడా నలుగురి చందాలతోనే బతికింది. పెద్దలు ఆలోచించాలని మనవి.