మిరప బూడిద తెగులు: ఒక ఎడారి శిలీంధ్రపు నామకరణ చరిత్ర

వరంగల్ ప్రాంతపు మిరప చేలలో చలికాలపు పొడి వాతావరణంలో సోకే బూడిద తెగులును రైతులు ఆకు అడుగున పరుచుకున్న తెల్లని పొడిని బట్టి గుర్తిస్తారు. ఆకు పైభాగాన పసుపు మచ్చలు ఏర్పడతాయి. తెగులు ముదిరితే ఆకులు రాలిపోతాయి. దీనికి కారణమైన శిలీంధ్రం లెవిల్యులా టారికా. మిరప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసుల ద్వారా భారతదేశానికి చేరిన పంట కాగా, ఈ శిలీంధ్రం ప్రధానంగా పశ్చిమ, మధ్య ఆసియా శుష్క ప్రాంతాల మొక్కలపై విస్తరించినది. టారికా అనే పేరులోనే క్రిమియా ప్రాచీన నామం నిలిచి ఉంది.

ఆ ద్వీపకల్పానికి 1837లో వెళ్లిన శాస్త్రీయ యాత్రలో పాల్గొన్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెవెయే, 1851లో దీనిని ఎరిసైఫీ ప్రజాతిలో చేర్చారు. బూడిద తెగులు శిలీంధ్రాలను ఆయన ఫలనాంగాల అనుబంధాలు, వాటిలోని ఆస్కస్‌ల సంఖ్య ఆధారంగా విభజించారు. ఆ పద్ధతిలో శిలీంధ్రతంతువులు ఆకుపై ఉన్నాయా, లోపల ఉన్నాయా అన్నది లెక్కకు రాలేదు. ఆ ప్రశ్నను 1906లో ఇంగ్లండుకు చెందిన సాల్మన్ ముందుకు తెచ్చారు. ఈ జాతి తంతువులు పత్రరంధ్రాల గుండా ఆకులోకి చొచ్చుకుపోతాయని నిరూపించి, దీనిని ఆయిడియాప్సిస్ ప్రజాతికి మార్చారు. 1921లో ఆర్నో, లెవెయే పేరిట లెవిల్యులా ప్రజాతిని స్థాపించారు.

లోపల పెరగడం కేవలం వర్గీకరణ లక్షణం కాదు. ఆకు ఉపరితలంపై పనిచేసే గంధకం, తంతువులు లోపల పాతుకుపోయిన తరువాత వాటిని పూర్తిగా చేరలేదు. అందువల్ల గుర్తింపులో ఆలస్యం పంటకు నేరుగా నష్టం తెస్తుంది.

1956లో సోవియట్ శాస్త్రజ్ఞుడు గొలోవిన్, అతిథేయి మొక్కల కుటుంబాలను బట్టి ఈ ప్రజాతిని అనేక జాతులుగా విడదీశారు. క్షేత్రంలో ఇది ఎంతో సులువైన పద్ధతి: మొక్క పేరు తెలిస్తే శిలీంధ్రం పేరు దొరుకుతుంది. కానీ నిరూపించవలసిన విషయాన్నే అది ముందుగా అంగీకరించింది. ఇరాన్ నమూనాల రైబోసోమ్ డి.ఎన్.ఎ. పరిశీలన 2001లో వెలువడ్డాక, టారికా ఒకే జాతి కాదనీ, అతి సన్నిహిత వంశాల సముదాయమనీ తేలింది.

1976లో వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడేనాటికి ఒకే శిలీంధ్రానికి లైంగిక దశలో లెవిల్యులా, అలైంగిక దశలో ఆయిడియాప్సిస్ అనే రెండు పేర్లు వాడుకలో ఉన్నాయి. ఈ ద్వంద్వ నామకరణానికి 2011లో మెల్బోర్న్‌లో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ ముగింపు పలికింది. భారతదేశపు మిరపపై లైంగిక దశ అరుదు కనుక, ఇక్కడ గుర్తింపు చాలావరకు కొనీడియమ్‌ల ఆకారంపైనే ఆధారపడుతుంది: ప్రాథమిక కొనీడియమ్ కొన మొనదేలి ఉంటుంది, ద్వితీయ కొనీడియమ్‌లు స్తూపాకారంలో ఉంటాయి. పాత తెగుళ్ల జాబితాలలో ఈ రెండు పేర్లు విడివిడిగా కనిపిస్తే, వాటిని రెండు వ్యాధులుగా లెక్కించరాదు.