ముందు కూడికా, గుణకారమా?

కాలిక్యులేటర్ మీద వరసగా 2 + 3 × 4 నొక్కితే కిరాణా కొట్టులోది 20 చూపిస్తుంది. ఇంజనీరింగ్ విద్యార్థి దగ్గరున్నది 14 అంటుంది. రెండూ బాగానే పనిచేస్తున్నాయి. మొదటిది కొత్త గుర్తు నొక్కగానే అప్పటిదాకా ఉన్న లెక్క తేల్చేస్తుంది. రెండోది కూడికను ఆపి ఉంచి, గుణకారం ముగిశాక కలుపుతుంది. ఏది ముందు చేయాలన్నది ఆ యంత్రాన్ని తయారుచేసినవాళ్ల నిర్ణయం.

1972లో హ్యూలెట్-ప్యాకర్డ్ 395 డాలర్లకు అమ్మిన కాలిక్యులేటర్ హెచ్‌పీ-35లో బ్రాకెట్లూ లేవు, ఈక్వల్స్ మీటా లేదు. పోలండ్ తర్కవేత్త యాన్ వుకాషేవిచ్ 1920లలో గుర్తును అంకెలకు ముందు రాసే పద్ధతి కనిపెట్టాడు. హెచ్‌పీ తీసుకున్నది దాన్ని తిప్పి, గుర్తును అంకెల తర్వాత పెట్టే రూపాన్ని. 2, 3, 4 ఎక్కించి గుణకారం, ఆపైన కూడిక నొక్కితే 14. ఏది ముందో నొక్కే మనిషే తేల్చుకోవాలి కాబట్టి సందిగ్ధానికి తావే లేదు. అలవాటు పడటానికి కొంత సమయం పట్టినా, ఇంతకన్నా నిక్కచ్చి పద్ధతి ఆ తర్వాత రాలేదు.

జనానికి మాత్రం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నొక్కే యంత్రమే కావాలి. 1976లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ టీఐ-30 పాతిక డాలర్లలోపే బ్రాకెట్లనూ, గుణకారానికి ముందుచోటునూ ఇచ్చింది. కాలిక్యులేటర్లకు చిక్కు అక్కడే మొదలైంది.

పుస్తకంలో భిన్నానికి అడ్డగీత ఉంటుంది, కింద ఏముందో కంటికి కనబడుతుంది. ఒకే వరసలో 1/2π అని నొక్కినప్పుడు π కింద ఉందా, పక్కన ఉందా? ఈ తగువు కాలిక్యులేటర్ల కంటే పాతది. గుణకారం, భాగహారం పక్కపక్కనే వస్తే ఏది ముందన్న దానిపై ఏకాభిప్రాయం లేదని గణిత సంకేతాల చరిత్రకారుడు ఫ్లోరియన్ కజోరీ 1928లోనే రాశాడు. మన బడుల్లో వల్లె వేయించే బాడ్‌మాస్ కూడా గుర్తు లేకుండా పక్కన చేరిన గుణకారం గురించి పెదవి విప్పదు.

ఒకే కంపెనీ కూడా ఒక్క మాట మీద నిలవలేదు. 1993 నాటి టీఐ-82 గుర్తు లేని గుణకారాన్ని ముందు చేసేది. 1/2π అంటే సుమారు 0.159. 1996లో వచ్చిన టీఐ-83 దాన్ని మామూలు గుణకారంతో సమానం చేసింది. అదే లెక్కకు 1.571. మొదటిదాని కోసం రాసిన ప్రోగ్రాములోని సూత్రాన్ని రెండోదాంట్లోకి ఎక్కిస్తే జవాబు దాదాపు పదిరెట్లు పెరుగుతుంది, తెర మీద ఏ హెచ్చరికా రాదు. తప్పని చెప్పకుండా తప్పు జవాబివ్వడం యంత్రానికి ఉండే లోపాలన్నిటిలో చెడ్డది.

ఈ తేడా గుణకారంతోనే ఆగదు. కంప్యూటర్లో ఎక్సెల్ గడిలో -2^2 (రెండు వర్గానికి ముందు మైనస్) రాస్తే 4 వస్తుంది. అదే ఎక్సెల్‌లో ప్రోగ్రాములు రాసే వీబీఏ భాషలో -4.

ఈమధ్య కొన్ని క్యాసియో యంత్రాలు 6÷2(1+2) నొక్కగానే, తాము అర్థం చేసుకున్న చోట బ్రాకెట్ పెట్టి మరీ చూపిస్తున్నాయి. అన్ని కంపెనీలూ చేయాల్సిన పని అది. ప్రోగ్రాము రాసేవారు 1/(2π) అనే రాయాలి. పరీక్షకు వెళ్లే విద్యార్థులు ముందురోజే తమ యంత్రంలో 6÷2(1+2) నొక్కి 1 వస్తుందో, 9 వస్తుందో చూసుకోవాలి.