చదువుకుంటూ చేసిన చిన్న ఉద్యోగాలు రెజ్యూమేలో రాయాలా?

డిగ్రీ, బీటెక్ చదువుతూ పెట్రోల్ బంకులోనో, బట్టల షోరూంలోనో పనిచేసినవారికి, క్యాటరింగ్‌కు వెళ్లినవారికి, ఫుడ్ డెలివరీ చేసినవారికి తొలి ఉద్యోగ వేటలో ఒక సందేహం వస్తుంది. ఆ పని గురించి రెజ్యూమేలో రాస్తే చులకన అవుతామా?

చేసిన ప్రతి పనినీ రెజ్యూమేలో రాయాలన్న నిబంధన లేదు. అయితే ఫ్రెషర్‌కు రెండు సందర్భాల్లో రాయడమే మేలు. ఒకటి, చదువు మధ్యలో ఖాళీ వచ్చి, ఆ కాలంలో పనిచేసి ఉంటే. రెండు, సేల్స్, కస్టమర్ సపోర్ట్ వంటి కొలువులకు ఆ అనుభవం పనికొచ్చేదైతే. ఇంటర్న్‌షిప్‌లు, ప్రాజెక్టులు బాగానే ఉంటే ఒక్క వరుస చాలు. రెండు మూడేళ్ల అనుభవం వచ్చాక తీసేయవచ్చు.

హోదా పెంచి రాయడం మాత్రం ప్రమాదం. బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చున్నవారు ‘ఫైనాన్స్ ఎగ్జిక్యూటివ్’ అని రాసుకుంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. వారానికి ఎన్ని గంటలు, ఎన్ని నెలలు, ఏ బాధ్యత అన్నవి ఉన్నదున్నట్టు రాస్తే సరిపోతుంది.

కంపెనీ ఇచ్చే దరఖాస్తు ఫారం సంగతి వేరు. గత ఉద్యోగాలన్నీ చెప్పమని అడిగి, వివరాలు నిజమేనని సంతకం తీసుకుంటే ఏదీ వదిలేయకూడదు. సాధారణంగా 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలకు ఈపీఎఫ్ చట్టం వర్తిస్తుంది. షోరూంలో ఆరు నెలలే చేసినా, పీఎఫ్ కట్ అయి ఉంటే యూఏఎన్ ఖాతాలోని సర్వీస్ హిస్టరీలో ఆ సంస్థ పేరు ఉంటుంది. సంస్థ మారినా ఈ నంబరు మారదు. నేపథ్య తనిఖీలో దీన్ని చూసే కంపెనీలున్నాయి. దాచింది చిన్న ఉద్యోగమే అయినా, తప్పుడు సమాచారం ఇచ్చారన్న కారణంతో ఆఫర్ చేజారవచ్చు.

డెలివరీ యాప్‌లు తమ రైడర్లను ఉద్యోగులుగా కాక ‘పార్ట్‌నర్లు’గా చూపుతాయి కాబట్టి సాధారణంగా పీఎఫ్, అనుభవ పత్రం ఉండవు. యాప్‌లోని చెల్లింపుల వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్ భద్రపరచుకుంటే రుజువుగా పనికొస్తాయి.

అమెరికాలో ఎఫ్-1 వీసాపై ఉన్న విద్యార్థులు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. యూనివర్సిటీ క్యాంటీన్‌లో వడ్డించినా, లైబ్రరీలో పుస్తకాలు సర్దినా అది నిస్సంకోచంగా రాసుకోదగిన పనే. అనుమతి లేకుండా బయట చేసిన పని వీసా నిబంధనల ఉల్లంఘన. రెజ్యూమేలో రాయాలా వద్దా అన్నదానికంటే ముందు, దాని గురించి ఇమిగ్రేషన్ లాయర్‌ను సంప్రదించాలి.